కిండిల్‌కి లైటున్న కవరు: మూడు వేలు పెట్టడం దండగా?

గునుపూడి | 9 అక్టోబరు 2012, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పోయిన సంక్రాంతికి మా అక్క న్యూజెర్సీ నుంచి వస్తూ నాకో కిండిల్ (అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాలు చదివే పరికరం) తెచ్చింది. కిందటేడు వచ్చిన బూడిదరంగుది. టచ్ లేదు, మీటలు నొక్కి పేజీ తిప్పాలి. తనూ అలాంటిదే కొనుక్కుంది. పగలు ఏ ఇబ్బందీ లేదు, ఎండలో అయితే కాగితం మీద చదివినట్టే ఉంటుంది. గొడవంతా రాత్రే.

మా భీమవరంలో కరెంటు కోత వేళలు పేపర్లో వేసేవి ఒకటి, వీళ్లు తీసేవి ఇంకొకటి. ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లు, హాల్లో ఒక ట్యూబులైటు. పడగ్గదిలో మా ఆవిడ, ఎనిమిది నెలల పాప. లైటు వేస్తే పాప లేస్తుంది. పాప లేచాక ఇక నేను చదివేదేమీ ఉండదు. దోమతెరలో పడుకుని, టార్చి మెడకీ భుజానికీ మధ్య ఇరికించి చదువుతున్నాను. పొద్దున లేస్తే మెడ తిరగదు.

అక్క డిసెంబరులో మళ్లీ వస్తోంది. అమెజాన్ వాళ్లదే తోలు కవరు ఒకటి ఉందట, లైటు అందులోనే ఉంటుందట. 60 డాలర్లు. మన లెక్కలో దాదాపు 3,200. కిండిల్ ఖరీదే 79 డాలర్లు! గుర్రం కన్నా జీను భారం అన్నట్టుంది. తెమ్మనాలా వద్దా? వాడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

---

తుంగభద్ర | 9 అక్టోబరు, రాత్రి 11:05

వద్దు. హైదరాబాద్ వెళ్తే కోఠీలో క్లిప్పు లైటు 250కి ఇస్తారు, బేరమాడితే 200. మిగిలిన మూడు వేలకి పుస్తకాలు కొనుక్కోండి.

---

ఎలక్ట్రాన్ | 10 అక్టోబరు, ఉదయం 7:20

ముందు ఒక సంగతి. ఫోనుకి ఉన్నట్టు దీనికి వెనక నుంచి లైటు ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతుంటారు. పెట్టినా లాభం లేదు. ఈ-ఇంక్ తెర నిండా వెంట్రుక మందం బుడగలు. ఒక్కో బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ఉంటాయి. విద్యుత్తు పెడితే ఏదో ఒక రంగువి పైకి తేలతాయి, తర్వాత కరెంటు లేకపోయినా అక్కడే నిలబడిపోతాయి. అందుకే ఒక చార్జింగుతో నెల వస్తుందని కంపెనీవాళ్లు చెప్పగలుగుతున్నారు (రోజుకి అరగంట చదివితే, వైఫై ఆపేస్తే అన్న షరతుతో). ఆ రేణువుల పొరలోంచి వెలుతురు దాటదు. కాగితానికి ఎలాగో దీనికీ అలాగే, వెలుగు ముందు నుంచే పడాలి.

ఇక మీ కవరు. అందులో సెల్సు ఉండవు. మీ కిండిల్ వెనక వైపు కింద రెండు బంగారు రంగు చుక్కలు ఉన్నాయి చూడండి. కవరు లోపలి పిన్నులు వాటికి ఆనుతాయి, లైటుకి కరెంటు కిండిల్ బ్యాటరీ నుంచే వెళ్తుంది. అంటే చార్జింగు పెట్టాల్సిన వస్తువు ఒక్కటే. ఆ ఒక్కటీ అయిపోతే పుస్తకమూ లేదు, దీపమూ లేదు.

---

లలిత_వైజాగ్ | 10 అక్టోబరు, మధ్యాహ్నం 1:48

నాది కీబోర్డున్న కిండిల్. 2010 చివర్లో లైటు కవరుతో కలిపే తెప్పించుకున్నాను. దాదాపు రెండేళ్ల నుంచి రోజూ వాడుతున్నాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటా.

లైటు కవరు కుడి పక్క పైమూలలో దాక్కుని ఉంటుంది. వేలితో లాగితే బయటికొచ్చి వెలుగుతుంది, లోపలికి తోస్తే ఆరిపోతుంది. నా కవరుకి పిన్నులు కావు, రెండు లోహపు కొక్కేలు. కిండిల్ ఎడమ పక్క గాట్లలో అవి పడతాయి, కరెంటు కూడా వాటి గుండానే. కాబట్టి నా కవరు మీ కిండిల్‌కి పట్టదు. టచ్ కిండిల్ కవరు చూడ్డానికి మీదాని లాగే ఉంటుంది గానీ కొలతలు వేరు. అక్కయ్యగారికి ఆ మాట గట్టిగా చెప్పండి. ఈ మధ్య వచ్చిన 69 డాలర్ల నల్లదీ, మీ బూడిదరంగుదీ కొలతలు ఒకటే, వాటి కవరు సరిపోతుంది.

వెలుగు కుడి పైమూల నుంచి ఏటవాలుగా పడుతుంది. ఎడమ పక్క అడుగున కాస్త మసకే. మొదటి వారం కంటికి తగిలింది, తర్వాత మరిచిపోయాను. తెరకి మెరుపు లేదు కాబట్టి ప్రతిబింబం పెద్ద బాధ కాదు. మావారు పక్కకి తిరిగి పడుకుంటే అటు వెలుగు పోనే పోదు. ఈ కవరు మొత్తంలో నాకు విలువైనది అదొక్కటే. పెళ్లయిన పన్నెండేళ్లలో "లైటు తియ్యి" అనే మాట వినకుండా నిద్రపోతున్నది ఈ రెండేళ్లే.

ఇంకో సంగతి ఏ రివ్యూలోనూ కనపడదు. తొలకరి రోజుల్లో కిటికీ తెరిచి చదివితే ఉసిళ్లన్నీ ఆ బుల్లి దీపానికే వస్తాయి. రెక్కలు రాలి అక్షరాల మీద పడతాయి. నెత్తి మీద ట్యూబులైటు ఉంటే పురుగు అక్కడ తిరుగుతుంది, ఇది మీ ముక్కుకి జానెడు దూరం. మీకు దోమతెర ఉంది కాబట్టి ఫర్వాలేదు.

---

గునుపూడి | 10 అక్టోబరు, రాత్రి 9:15

లలిత గారూ, కొండంత ధైర్యం ఇచ్చారు. బ్యాటరీ ఎన్నాళ్లొస్తోంది? బరువు సంగతేమిటి?

---

లలిత_వైజాగ్ | 10 అక్టోబరు, రాత్రి 9:50

లైటు వాడకుండా అయితే నెల దాటి వచ్చేది. రోజూ గంట, గంటన్నర లైటుతో చదివితే పది పన్నెండు రోజులకి అడుగంటుతోంది. నాదానికి రెండు నెలలు వస్తుందని కంపెనీ లెక్క, మీదానికి ఒక నెలే. కాబట్టి మీరు వారానికోసారి చార్జింగు అనుకోండి.

బరువు మాత్రం ఉంటుందండీ. కిండిల్ ఒట్టిగా 170 గ్రాములేగా మీది. కవరు తొడిగితే ఆ తేలికదనం పోతుంది. ఒంటిచేత్తో పడుకుని చదివే అలవాటైతే మణికట్టు గుర్తుచేస్తుంది. కవరుని వెనక్కి పూర్తిగా మడిచి పట్టుకోవాలి.

---

నిద్రలేమి | 11 అక్టోబరు, రాత్రి 2:10

తెరలోనే లైటున్న కొత్త కిండిల్, పేపర్‌వైట్ వచ్చేసింది కదండీ, ఇంకా కవర్లేమిటి? 119 డాలర్లు. 60 పెట్టేవాళ్లు ఇంకో 60 పెట్టలేరా?

---

తుంగభద్ర | 11 అక్టోబరు, ఉదయం 6:30

రాత్రి రెండింటికి మేలుకుని ఉన్నవాళ్లకి పేపర్‌వైట్ కాదు, నిద్రమాత్ర కావాలి.

---

ఎలక్ట్రాన్ | 11 అక్టోబరు, ఉదయం 8:05

నిద్రలేమి గారి మాటని కొట్టిపారేయలేం. అసలు ప్రశ్న అదే అని నాకూ అనిపిస్తోంది.

తెరలోనే లైటు పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. సోనీ 2008లోనే తన రీడర్ ఒకదానికి పక్కల నుంచి ఎల్ఈడీలు పెట్టింది. ఈ ఏప్రిల్లో బార్న్స్ అండ్ నోబుల్ అనే అమెరికా పుస్తకాల కంపెనీవాళ్లు తమ రీడర్ నూక్‌కి గ్లోలైట్ అని పెట్టారు. ఇప్పుడు పేపర్‌వైట్‌లో అడుగున నాలుగు ఎల్ఈడీలు, తెర పైన సన్నటి పారదర్శక పొర. ఆ పొర వెలుగుని తెరంతా పరిచి, మన కళ్లలోకి కాకుండా అక్షరాల మీదకి దించుతుంది. అడుగున ఎల్ఈడీలున్న చోట కొద్దిగా నీడలు కనిపిస్తాయని అమెజాన్ వాళ్లే తమ పేజీలో చెప్పుకున్నారు. లైటు బాగా తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆర్పడం మాత్రం కుదరదు. అక్షరం స్పష్టత అంగుళానికి 212 చుక్కలు. మీ దాంట్లో 167. ఈ తేడా లైటు కన్నా పెద్దదని నా అభిప్రాయం.

మన షాపుల్లోకి పేపర్‌వైట్ ఇంకా రాలేదు. ఆగస్టు నుంచి 6,999కి అమ్ముతున్నది మీ దగ్గరున్న రకమే. అక్కడ కూడా పేపర్‌వైట్ ఆర్డరిచ్చి వారాల తరబడి ఎదురుచూస్తున్నారు.

ఇంకో చిక్కుంది. పేపర్‌వైట్‌కి వెనక ఆ బంగారు చుక్కలే లేవు. అంటే లైటు కవర్ల శకం దీంతో ముగిసినట్టే. మీరు రేపు కిండిల్ మారిస్తే ఈ మూడు వేల కవరు దేనికీ పనికిరాదు. క్లిప్పు లైటైతే పుస్తకానికీ పెట్టుకోవచ్చు.

---

గునుపూడి | 11 అక్టోబరు, రాత్రి 10:30

ఇది అక్క బహుమతిగా ఇచ్చింది. ఏడాది తిరక్కుండా "ఇది పాతదైంది, కొత్తది తే" అని ఎలా అడగను? కవరైతే అడగొచ్చు. ఇది డాలర్ల లెక్కలో తేలే విషయం కాదండీ.

---

పంతులుగారు | 13 అక్టోబరు, సాయంత్రం 5:12

అబ్బాయీ, నువ్వు చదివేది ఇంగ్లీషా తెలుగా? ఎవరూ అడగలేదేమిటి?

నాకు అరవై ఎనిమిది. రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకున్నాను. మా అబ్బాయి కిండిల్ ఇస్తే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి దింపిన పాత తెలుగు పుస్తకాలు ఎక్కించుకున్నాను. తెలుగు యూనికోడ్ ఇందులో సరిగా రాదు కాబట్టి స్కాన్ చేసిన పేజీలే గతి. డెమ్మీ సైజు పుస్తకం ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. ఈ తెర ఎత్తు ఐదు అంగుళాల లోపు. పేజీ సగానికి కాస్త ఎక్కువగా కుంచించుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరమైతే తట్టుకుంటుందేమో, మన ఒత్తులు ఏమవుతాయి? 'స్త్రీ', 'లక్ష్మి' అనే మాటల కింద ఏముందో ఊహించుకోవాల్సిందే. పైగా స్కాను నేపథ్యం బూడిదరంగు, తెర కూడా బూడిదరంగు. లైటు వేస్తే మెరుగవుతుందని క్లిప్పు లైటు, టేబుల్ లైటు అన్నీ పెట్టి చూశాను. వెలుగు పెరిగితే బూడిద తెలుపైంది గానీ ఒత్తు మాత్రం పెరగలేదు.

చివరికి మా అబ్బాయే కె2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం చూపించాడు. స్కాను పేజీలో అంచులు కత్తిరించి, వరసలను విరిచి, చిన్న తెరకి సరిపడా పెద్దగా పేర్చి ఇస్తుంది. అప్పుడప్పుడు ఒత్తు ఒక వరసలో, అక్షరం ఇంకో వరసలో పడేస్తుంది. అలాంటి పుస్తకాలకి అంచులు మాత్రం కత్తిరించమని, తెర అడ్డంగా తిప్పి చదువుతాను. ఆ తర్వాత మామూలు లైటే చాలింది.

తెల్ల ఎల్ఈడీ వెలుగు నాకు గుచ్చుకుంటుంది. పడక్కుర్చీ వెనక పసుపు బల్బు పెట్టుకున్నాను. నీ వయసుకి ఆ బాధ ఉండదనుకో.

---

గునుపూడి | 13 అక్టోబరు, రాత్రి 10:02

నమస్కారం పంతులుగారూ. రాత్రిళ్లు చదివేది ఎక్కువగా ఇంగ్లీషు నవలలే. తెలుగు స్కాన్లు ఒకటి రెండు ఎక్కించి, మీరన్నట్టే భయపడి ఆపేశాను. ఆ ప్రోగ్రాం ప్రయత్నిస్తాను, చాలా థాంక్సండీ.

---

ఢిల్లీ_తెలుగు | 14 అక్టోబరు, ఉదయం 11:40

జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. తెల్లవారుజామున పోయింది కరెంటు. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. ఆ చెమటలో నవల చదివే ఓపిక ఎవరికుంటుంది? కరెంటు లేనప్పుడు చదువుకుంటాం అన్నది కవరు కొనేటప్పుడు చెప్పుకునే కబురు. ఫ్యాను తిరగనిదే పుస్తకం ఎక్కదు.

నాకు లైటు పనికొచ్చింది రైల్లో. స్లీపర్లో పది దాటాక లైటు వేస్తే కింది బెర్తు పెద్దాయన చూసే చూపు ఉంది చూశారూ! నోకియా ఫోను టార్చి చొక్కా జేబులో నిలబెట్టి విజయవాడ దాకా చదివినవాణ్ని. క్లిప్పు లైటు ఒకటి కొన్నాక ఆ అవస్థ తప్పింది.

---

తుంగభద్ర | 14 అక్టోబరు, మధ్యాహ్నం 12:15

నేను చెప్పిందీ అదే.

ఒక హెచ్చరిక మాత్రం. ఊరూపేరూ లేని లైటు కవర్లు వెయ్యి లోపు వస్తున్నాయి, వాటి జోలికి పోకండి. ఒకటి కొన్నాను. కిండిల్‌ని పట్టుకునే మూలలు ఎంత బిగుతంటే ఊడదీసేటప్పుడు ఫ్రేము అంచు చిట్లింది. పైగా జిగురు వాసన, తెరిస్తే తలనొప్పి.

---

లలిత_వైజాగ్ | 15 అక్టోబరు, ఉదయం 10:25

గునుపూడి గారూ, క్లిప్పు లైటు వైపు మొగ్గేముందు ఒక మాట. వాటిలో చాలావాటికి గుండ్రటి బటన్ సెల్సు వేస్తారు. పాపకి ఎనిమిది నెలలన్నారు. చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు. ఆ సెల్ మింగితే గొంతులో ఇరుక్కుని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. నాసిరకం లైట్లకి సెల్సు మూత గోరుతో ఊడిపోతుంది. కొంటే స్క్రూ బిగించిన మూత ఉన్నదో, సన్న పెన్సిల్ సెల్ వేసేదో చూసుకోండి. పడక మీద అసలు వదలకండి.

---

తుంగభద్ర | 15 అక్టోబరు, ఉదయం 10:58

ఈ సంగతి నాకు తట్టలేదు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. లలిత గారు చెప్పింది నిజం. నాదానికి మూత ఇప్పుడే చూశాను, గోరుతోనే వచ్చింది.

---

గునుపూడి | 15 అక్టోబరు, రాత్రి 10:47

ఇది చదివి మా ఆవిడకి చూపించాను. "ఆ మూడు వేలేవో పెట్టెయ్యండి" అంది. నా టార్చి కూడా అటక మీదకెక్కించింది. అక్కకి ఫోను చేస్తే నిన్ననే ఆర్డరిచ్చేసిందట. నేను ఆలోచిస్తున్నానని చెప్పినప్పుడే తనకి తెలుసట, నేను అడగలేక నసుగుతున్నానని.

---

గునుపూడి | 31 అక్టోబరు, రాత్రి 9:30

కవరు సంగతి కాదు. 29 రాత్రి శాండీ తుఫాను తగిలాక న్యూజెర్సీలో అక్కవాళ్ల ఊరు ఎడిసన్‌లో కరెంటు పోయింది. నిన్న రెండు నిమిషాలు మాట్లాడింది, ఇంటికి ఏమీ కాలేదు, పిల్లలు బాగున్నారు. ఫోన్లో చార్జింగు లేదంది. ఎడిసన్ వైపు ఇంకెవరైనా ఉన్నారా? టెన్షన్‌గా ఉంది.

---

ఎలక్ట్రాన్ | 31 అక్టోబరు, రాత్రి 9:52

నా స్నేహితుడు అక్కడికి దగ్గర్లోనే ఉంటాడు. చెట్లు విరిగి తీగల మీద పడ్డాయి, కరెంటుకి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు, మనుషులు క్షేమం అన్నాడు. కంగారు పడకండి.

---

పంతులుగారు | 1 నవంబరు, ఉదయం 6:05

ధైర్యంగా ఉండు నాయనా. కబురు తెలిస్తే ఇక్కడ ఒక ముక్క రాయి.

---

గునుపూడి | 7 నవంబరు, రాత్రి 10:20

అందరికీ కృతజ్ఞతలు. అక్కకి ఆదివారం కరెంటు వచ్చింది. ఆరు రాత్రులు చీకట్లో ఉన్నారు. ఇవాళ తీరిగ్గా గంట మాట్లాడింది, అందులో ముప్పావుగంట కవరు గురించే.

నాకోసం తెప్పించిన కవరు తుఫానుకి వారం ముందే చేరిందట. మా ఇద్దరివీ ఒకే రకం కిండిళ్లు కదా, మొదటి రాత్రి కొవ్వొత్తుల వెతుకులాటలో అది గుర్తొచ్చి తన కిండిల్‌కి తొడిగేసింది. సాయంత్రం ఆరు దాటితే చీకటి. పిల్లలిద్దరినీ దుప్పట్లో పెట్టుకుని రోజుకి మూడు నాలుగు గంటలు కథలు చదివిందట. ఢిల్లీ గారూ, అక్కడ ఫ్యాను అక్కర్లేదు, చలి!

ఎలక్ట్రాన్ గారు చెప్పింది అక్షరాలా జరిగింది. ఐదో రాత్రికి బ్యాటరీ గుర్తు అడుగుకి వెళ్లిపోయింది. కార్లో చార్జింగు పెడదామంటే పెట్రోలుకి మైళ్ల పొడుగు క్యూలు. మూడో తారీఖు నుంచి కారు నంబరు సరి, బేసి చూసి పోస్తున్నారట. బావ "పెట్రోలు నీ కథల కోసం కాదు" అన్నాడట. పిల్లలు ఏడ్చేసరికి ఇంజను ఆన్ చేసి ఇరవై నిమిషాలు పెట్టాడు. ఆ ఇరవై నిమిషాల చార్జింగుతో ఆ రాత్రి కథ పూర్తయింది.

ఎడమ పక్క అడుగున మసక నిజమేనట. అక్కడికొచ్చేసరికి చిన్నోడు తన వేలి టార్చి వేసేవాడట.

---

లలిత_వైజాగ్ | 7 నవంబరు, రాత్రి 10:41

హమ్మయ్య. మంచి మాట చెప్పారు. అయితే కవరుకి పరీక్ష కూడా అయిపోయింది. డిసెంబరులో మీ చేతికి.

---

గునుపూడి | 7 నవంబరు, రాత్రి 11:03

అదే చెప్పబోతున్నాను. ఇవ్వదట. "నీకు ఇన్వర్టరుంది, నాకేముంది?" అంటోంది. బతిమాలగా బతిమాలగా ఇంకోటి ఆర్డరిస్తానంది. అదొచ్చాక కొత్తది తనకి, ఈ వాడినది నాకట.

---

తుంగభద్ర | 8 నవంబరు, ఉదయం 6:40

తీసుకునేటప్పుడు లైటు లాగి చూసుకోండి, వదులైందేమో.

---

పంతులుగారు | 8 నవంబరు, ఉదయం 7:15

ఆ ప్రోగ్రాం ప్రయత్నించావా లేదా?